ఉపగ్రహం మీద వేసిన నింద

సిరిసిల్ల సాంచాల మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. సాంచాలంటే మా మరమగ్గాలు. ఈ ఉదయం కార్ఖానా నేల మీద నీళ్లు చల్లగానే లేచిన తడి సిమెంటు వాసనకు ఖాసిం మామ గుర్తొచ్చాడు. ఆయన మా సాంచాలు బాగుచేసే మేస్త్రీ. నాకు పని నేర్పినవాడు. చేతిలో పానా, చంకలో పేపరు లేకుండా ఆయన్ని నేనెన్నడూ చూడలేదు.

పాలిస్టర్ నేసేచోట గాలి పొడిబారకూడదు. రాపిడికి దారాల్లో కరెంటు పుట్టి, పోగులు ఒకదానికొకటి అంటుకొని తెగుతాయి. అందుకే పొద్దున్నే నేల తడపాలి. ఆ పని నాది. మీసాలొచ్చి పెళ్లయినా బుద్ధి రాని నేను, ఒక ఎండాకాలం చాయ్ హోటల్లో కబుర్లు చెబుతూ మూడు రోజులు ఎగ్గొట్టాను. తలుపు పక్కన వడగాలి తగిలేది రాజయ్య తాత సాంచాకే. పోగులన్నీ అక్కడే తెగాయి.

“తాతా, నీ కండ్లు మసకవడ్డయి. రేపటికెల్లి రాకు” అన్నాడు కార్ఖానా యజమాని, మా సేటు.

“గీ పని తప్ప నాకింకేం రాదు సేటూ” అన్నాడు తాత, తెగిన పోగు వదలకుండానే.

తప్పు నాదని తెలిసినా నా నోరు ఆగలేదు. “తాత తప్పేం లేదు సేటూ! భూమి సుట్టూ ఉన్న అయస్కాంతాన్ని, కరెంటు కణాలను సూసేతందుకు ఉపగ్రహం వోయింది గదా. గది కెలికిన కణాలన్నీ మన రేకుల మీద వడుతున్నయి!”

సేటు పైకప్పు వైపు అనుమానంగా చూశాడు. మామ నన్ను రెక్క పట్టి పక్కకు లాక్కెళ్లాడు.

“అరే, గది కొలువవోయింది, కెలుకవోలే. గా కొలిచే మిషన్‌ను ఏడ వెట్టిండ్రో ఎరుకేనా? పొడుగు కడ్డీ కొసకు. ఉపగ్రహంల ఉన్న కరెంటే లెక్క తప్పిస్తదని. ముందుగాల తనది దూరం వెట్టి, గప్పుడు బయటిది సూస్తది. నువ్వేందిరా, నీ తప్పు నీ దగ్గరుంచుకొని ఆకాశాన్ని పట్టుకున్నవు?”

నేను తిన్నగా సేటు ముందుకెళ్లి, “నేల తడపంది నేనే” అన్నాను. రాజయ్య తాత పని పోకుండా నిలిచింది.

ఖాసిం మామ ఇప్పుడు లేడు. ఆయన పానా నా చేతికొచ్చింది. ఎవరి సాంచా మీద పోగు తెగినా, వాళ్ల చేతులు చూసేముందు నేల తడి చూస్తాను.

ఒట్టేశాను కాబట్టి ఒప్పుకోవాలి. సేటు ముందుకెళ్లానన్న ముక్క కల్పించాను. నా నోరు పెగల్లేదు. మామే బకెట్ ఎత్తి నీళ్లు చల్లుతూ, “నేల తడుపుడు నేనే మర్సిన సేటూ” అన్నాడు. అందరి ముందూ తిట్లు తిన్నాడు. నేను చేసిందల్లా ఆయన చేతిలోంచి బకెట్ అందుకోవడం. దాన్ని ఇప్పటికీ దించలేదు.