భూపాలపల్లి రేకు రోబో

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని అద్దాల బీరువాలో పెట్టుకుని, దుమ్ము తుడుస్తూ బతుకుతున్నాను. ఇవాళ మీకు చెప్తున్నాను. ఓదార్చకండి, నాకు గిట్టదు.

పాతకాలపు రేకు రోబోలను, రాకెట్ బొమ్మలను ఇప్పుడు అదే రూపంలో మళ్లీ తయారు చేస్తున్నారు. నేను కొనేవి అవే. జనగామలో మా హాలు నిండా ఉన్నాయి. నేను కొన్నవాటిలో అసలైన పాతది మాత్రం ఒక్కటీ లేదు. అయినా ఏది పాతదో, ఏది కొత్తదో తేల్చాలంటే అందరూ నా దగ్గరికే వస్తారు. నాతో వాదించి నెగ్గినవాళ్లు లేరు మరి.

ఒకరోజు భూపాలపల్లి నుంచి ఒకామె వచ్చింది. సుజాత అనుకోండి, అసలు పేరు చెప్పను. తువ్వాల విప్పి, చావి తిప్పితే నడిచే రోబోను నా చేతికిచ్చింది. తను పుట్టినప్పుడు తండ్రి బొంబాయి నుంచి తెచ్చాడట. ఊహ తెలియకముందే ఆయన పోయాడు. ఊహ తెలియని వయసులో ఆడుకున్నదాన్ని తల్లి పెట్టెలో దాచి, ఈమధ్యే చేతికిచ్చిందట. ఆయన గుర్తుగా ఆమెకు మిగిలింది అదొక్కటే.

తిప్పి చూశాను. మడతల్లో తుప్పు, వేళ్ల రాపిడికి వెలిసిన రంగు. అసలైన పాతదే. ఇన్నేళ్లు నాకు దొరకనిది ఈమె చేతిలో ఉండటం ఓర్వలేకపోయాను.

"గిది మొన్నమొన్న చేసింది చెల్లె. నిన్ను మంచిగ నమ్మించిండ్రు" అన్నాను.

ఆమె అక్కడే తల్లికి ఫోన్ చేసింది. స్పీకర్‌లో ఆ ముసలి గొంతు నాకూ వినిపించింది.

"మీ బాపే తెచ్చిండు బిడ్డా. నీకెందుకు అబద్ధం చెప్త?"

"ఇగ చాలు తియ్యి అవ్వా. అన్నీ తెలిసిన అక్క చెప్తుంది. బాపు పేరు మీద గూడ నాటకాలేనా?"

నేను నోరు విప్పలేదు. ఊరందరికీ ఎదురు చెప్పే నోరు! "నాకొద్దక్కా, మీరే ఉంచుకోండి" అని సుజాత వెళ్లిపోయింది.

ఎందుకు చేశాను? నాకేం తక్కువైందని? కొన్నాళ్లు ఆమె మీదే కోపం పెంచుకున్నాను. కన్నతల్లిని కాదని, దారిన పోయే నన్ను ఎట్లా నమ్మింది? సిగ్గులేని వాదన. నమ్మేటట్టు చెప్పింది నేను కాదూ?

ఆ తల్లి నిరుడు పోయింది. దవాఖానలో మంచం మీద ఉన్నప్పుడు కూడా కూతురు ఆ బొమ్మ మాట ఎత్తి దెప్పిపొడిచిందని వాళ్ల బంధువొకామె చెప్పింది. సుజాత నంబర్ నా దగ్గరే ఉంది. ఎన్నోసార్లు తీశాను. చేయలేదు.

ఆ రోబోను తెచ్చింది తండ్రే. ఆ తల్లి చెప్పింది నిజమే. అబద్ధం నాది.

ఇంత రాసేసరికి ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందుకు కూడా నా మీద నాకే ఒళ్లు మండుతోంది.