రౌండ్స్‌లో ఉన్న పెద్ద డాక్టరు

తెర మీద కనిపించేదాన్ని ఎవరో ఒకరు సరిచూసే పెట్టి ఉంటారని నమ్మే వయసొకటి అందరికీ ఉంటుంది. నాకది కాస్త ఎక్కువ కాలమే ఉంది. అప్పుడు నేను మదురైలో ఒక తమిళ దినపత్రికలో కొత్తగా చేరాను. కొత్తవాళ్ళకిచ్చే పని, పోయినవాళ్ళ ఫొటోలతో వేసే కన్నీటి అంజలి ప్రకటనలు సరిచూడటం. (ఒకసారి షష్టిపూర్తి చేసుకున్న దంపతుల ఫొటో అంజలిలో పడింది. ఇద్దరూ ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. అప్పట్నుంచి మా ఇంట్లో నా మాటకు విలువ లేదు.)

ఆ రోజుల్లోనే మా చెల్లెలు ఎంబీబీఎస్ ముగించి పీజీ సీటుకు సిద్ధమైంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల వైద్యం నేర్చుకోవాలని దాని పట్టుదల. కావలసిన కాలేజీల వరుస ఆ సాయంత్రంలోగా కంప్యూటర్లో ఖాయం చేయాలి. సీటొచ్చి చేరితే మూడేళ్ళు అక్కడే. పళని దారిలో ఉన్న ఒక ప్రైవేటు కాలేజీని అది మొదట పెట్టుకుంది. అక్కడి పిల్లల విభాగం పెద్ద డాక్టరు పేరున్న మనిషి, ఆయన చేతికింద పని నేర్చుకోవాలని. "అన్నా, పేపరోడివి కదా, వాళ్ళ వెబ్‌సైట్ ఒకతూరి చదివి చూడు" అంది.

చదివాను. చదివేకొద్దీ ఒళ్ళు మండింది. చైర్మన్‌గారు దీపం వెలిగిస్తూ, రిబ్బను కత్తిరిస్తూ, మొక్క నాటుతూ ఉన్నారు. చేరబోయే డాక్టరుకు రాత్రి డ్యూటీలెన్ని, కేసులు ఎవరు చూపిస్తారు, ఆడపిల్లల హాస్టల్ ఎక్కడ అన్న వాటికి ఒక్క వాక్యం లేదు. సబ్బు పెట్టె మీద కూడా ఇంతకంటే ఎక్కువ సమాచారం ఉంటుంది. అప్పుడు పెద్ద డాక్టరు ఫొటో వచ్చింది. ఆ ముఖం నాకు తెలుసు. అదే కోటు, అదే నవ్వు. నేనే సరిచూసిన అంజలిలోని ఫొటో.

"పాపా, ఈయన చచ్చిపోయినాడు."

"నోరు మూయి అన్నా. వెబ్‌సైట్‌లో ఉండాడు కదా!"

వంటింట్లోంచి అమ్మ అందుకుంది: "నువ్వు చంపినోళ్ళు నడిచి ఆఫీసుకే వొస్తారు గదరా!"

కాలేజీకి ఫోన్ చేసి, అందరికీ వినిపించేలా స్పీకర్ పెట్టాను. పెద్ద డాక్టరు ఉన్నారా అని అడిగాను. ఆఫీసాయన ఒక్క క్షణం కూడా తడబడలేదు. "సార్ రౌండ్స్‌ల ఇరుక్కార్" అన్నాడు. (సారు రౌండ్స్‌లో ఉన్నారట.)

"విన్నావా? పావం, బతికుండే మనిషిని..." అని అమ్మ లెంపలు వేసుకుంది. చెల్లెలు నా వైపు జాలిగా చూసి కంప్యూటర్ ముందు కూర్చుంది.

నేను లేచి నిలబడి అరిచాను. ఇంట్లో నాకు తెలుగు, ఆఫీసులో తమిళం, కోపంలో రెండూ. ఏ వార్డులో రౌండ్స్, ఆ వార్డుకే కలపండి, ఇప్పుడే కలపండి! అతను విసుగ్గా కలిపాడు. ఎవరో జూనియర్ డాక్టరు, నిద్ర లేని గొంతు. చెల్లెలే మాట్లాడింది.

"ఆ సారా? ఆయన పోయి శానా నాళ్ళాయె అక్కా" అంది ఆ అమ్మాయి. దానికీ మా తెలుగే రావడం చూసి అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. "ఆయన చోట్లో ఎవురూ రాలేదు. పసిబిడ్డల వార్డుకు తాళం. మేము సుమ్మా, ఊరికే డిశ్చార్జి కాగితాలు రాస్తుండాము. రావద్దక్కా."

అంత పెద్ద వెబ్‌సైట్ చెప్పని సంగతి ఆ పిల్ల ఒక్క గుక్కలో చెప్పింది. చెల్లెలు ఆ కాలేజీని వరుసలోంచి తీసేసి, ఒక సర్కారు కాలేజీని మొదట పెట్టింది. దాని వెబ్‌సైట్‌లో దుప్పట్ల టెండరు తప్ప ఏమీ లేదు. అయినా అక్కడ చదివిన సీనియర్లు దానికి తెలుసు. సీటూ అక్కడే వచ్చింది, కోరుకున్న పనీ నేర్చుకుంది.

నేను మాత్రం ఊరుకోలేదు. పేజీ నిండా రాసి తీసుకెళితే, న్యూస్ ఎడిటర్ చదివి, "తంబీ, ఆదివారం వాళ్ళదే ఫుల్ పేజీ ప్రకటన" అన్నాడు. నాలుగు వాక్యాలు మిగిలాయి, కాలేజీ పేరు మిగల్లేదు.

మొన్న తెలిసినవాళ్ళ పిల్ల కోసం అలాంటి వెబ్‌సైట్లే మళ్ళీ తెరిచాను. ఆకాశంలోంచి తీసిన వీడియోలు వచ్చాయి, సంగీతం వచ్చింది. రాత్రి డ్యూటీల మాట ఇప్పటికీ లేదు. ఇప్పుడూ మండుతుంది. కానీ అరవను, అక్కడ పనిచేసే ఎవరిదైనా నంబరు వెతికి ఇస్తాను. ఆ మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని ఊగిపోయిన కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దొస్తాడు కూడా. తను అరిచింది విని ఆ కాలేజీవాళ్ళు సిగ్గుపడి, సాయంత్రానికల్లా ఆ పేజీ మార్చేస్తారని వాడు నిజంగానే నమ్మాడు.