అమ్మవారి మొదటి బట్ట

"నాన్న పోయిండే" అని వదిన ఫోన్‌లో చెప్పి, నేనింకా నోరు తెరవకముందే పెట్టేసింది. మా మామయ్య ఇక లేడన్న కబురుకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ వెనకే ఇంకో సంగతి తట్టింది. వదిన నాతో మాట్లాడి చాలా నెలలైంది.

మామయ్య మా అమ్మకు స్వయానా అన్న. మట్టెవాడలో బట్టల దుకాణం. బజారుకు ఆయన షావుకారే గానీ, మాకు మాత్రం ఒక లోకాన్నే కల్పించిన మనిషి. దుకాణం మూసిన రోజు మమ్మల్ని పై గదిలో కూర్చోబెట్టి, పాచికలు వేయిస్తూ, కథ చెప్పిస్తూ ఆడించే ఆట అది. అందులో రాజ్యాలు, కొండలు, దేవతలు అన్నీ ఆయన సృష్టే. అమ్ముడుపోని బట్ట మీద సుద్దముక్కతో పటం గీసి, దూరాలు గజంబద్దతో కొలిచేవాడు. "జర ఆగుండ్రి, కొండ మూరెడు తక్కువొచ్చింది" అంటూ చెరిపేవాడు. ఇంత పెద్దమనిషికి ఇదేం పిచ్చి అని అత్తయ్య విసుక్కునేది. చాయ్ మాత్రం ఆమే పైకి తెచ్చేది.

పాలంపేట గుడికి తీసుకెళ్ళినా ఆయన చూపంతా జనం మీదే. ఒక ఊరివాళ్ళు కొట్టిన కొబ్బరి అక్కడే పంచేస్తే, ఇంకో ఊరివాళ్ళు ఇంటికెందుకు మూటగడతారో అడిగి తెలుసుకునేవాడు. ఆట అంతా ఆ అడగడంలోంచే పుట్టిందని నా నమ్మకం.

ఆ లోకంలో నేత అమ్మవారు ఒక్కతే. ఆమె చెప్పిన మాటా ఒక్కటే: మగ్గం మీంచి దిగిన మొదటి బట్ట నాది. మామయ్య ఆ మాట మా మట్టెవాడ వాళ్ళకిచ్చి, ఏటి ఒడ్డు జనాన్ని అప్పగించాడు. అదే మాట పరకాలలో కాపురముంటున్న కూతురికి, అంటే మా వదినకు ఇచ్చి, మంచుకొండల జనాన్ని అప్పగించాడు. అక్కడ ఆమె ఇరుగుపొరుగుతో కలిసి ఆడేది. ఆడించడానికి ఈయన బస్సెక్కి పోయేవాడు. ఒకరి ఆట సంగతి ఇంకొకరికి చెప్పకూడదని ఒట్టు.

చాన్నాళ్ళకు అందరినీ ఒకేచోట కూర్చోబెట్టి, కొండల నడుమ కనుమ తెరిచాడు. చూస్తే, మేము మొదటి బట్టకు పసుపు రాసి ఏటిలో వదులుతున్నాం. వాళ్ళు అందులో అప్పుడే పుట్టిన బిడ్డను చుడుతున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"అమ్మవారి సొమ్ము కాజేసుడేంది వదినా?"

"మా దగ్గర చలికి పిల్లలు సస్తాండ్లే! మీరేమో బట్టను నీళ్ళల్ల పారేయబడ్తిరి. అమ్మ చూస్తే మురుస్తదా?"

నేను కనుమ మూయించాను. మా పత్తి ఒక్క పింజ కూడా కొండెక్కనివ్వలేదు. వదిన పాచికలు అక్కడే వదిలేసి, చెప్పులేసుకుని పరకాల బస్సెక్కింది. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు. నేనూ తగ్గలేదు. నా వాదన నాకు ఇప్పటికీ సబబే.

తీర్పు చెప్పమని మామయ్య ప్రాణం తీశాను. "నేను చెప్తే మూడో ఆచారం పుడ్తది బిడ్డా" అని నవ్వేశాడు. ఇంకోసారి దవాఖాన మంచం మీద, ఊపిరి కూడదీసుకుంటూ అన్నాడు: "అమ్మను ఎవ్వలు మర్వలే. ఏరున్నోళ్ళకు ఏరే తోవ, చలి ఉన్నోళ్ళకు బిడ్డే తోవ. గంతే. మీరిద్దరు మాట్లాడుకుంటలేరని నాకు ఫికర్ అయితాంది."

ఎవరి నమ్మకం ఏ అవసరంలోంచి వచ్చిందో చూడమని నేర్పింది ఆయనే. నేర్చుకున్నానని చెప్పలేను గానీ, ఆయనకు రుణపడి ఉన్నాను.

మూడో రోజు పిట్టకు పెట్టేటప్పుడు, అంటే మామయ్య పేర కాకులకు విస్తరి పెట్టే వేళ, ఇంట్లో గొడవ మొదలైంది. విస్తట్లో మాంసం పెట్టాలని మా మట్టెవాడ పెద్దలు. "మా దిక్కు గట్ల చెయ్యరు, పప్పే పెడ్తరు" అని వదినతో వచ్చిన పరకాల వాళ్ళు. గొంతులు లేస్తున్నాయి. వదిన రెండు విస్తర్లు వడ్డించింది. పప్పున్నది తెచ్చి నా చేతుల్లో పెట్టింది. మాంసమున్నది తను తీసుకుంది.

"నువ్వు గిది పెట్టు. నేను గిది పెడ్త" అంది.

రెండూ డాబా గోడ మీద పక్కపక్కన పెట్టాం. కాకులు ఎదురింటి కరెంటు తీగ మీద కూర్చున్నాయి గానీ దిగడం లేదు. అవి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టరు. ఎండ నెత్తికెక్కింది. వదిన తన కొంగు సగం నా తల మీదికి లాగింది. ఇద్దరం తీగ వైపే చూస్తూ నిలబడ్డాం.