ఐడా ముందుగది

సౌత్ ఫిలడెల్ఫియాలో, ఇటలీ నుంచి వచ్చినవాళ్ళుండే మా వీధి ఇళ్ళన్నీ ఒకదాని భుజం ఒకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. ఒక ఇంట్లో ఉల్లిపాయలు వేయిస్తే మూడో ఇంట్లో ముక్కులు ఎగబీలుస్తారు. ఎవరి ఇంట్లో ఎవరు అలిగారో, ఎవరు అన్నం మానేశారో వీధికి తెలియకుండా జరగదు. అలాంటి వీధిలో ఇరవై ఏళ్ళకు పైగా కాపురం చేసినా, ఐడా పెట్రోంగలోకి ఏ రంగంటే ఇష్టమో ఎవరికీ తెలియదు. అందులో వింతేమీ లేదు, ఆ సంగతి ఆమెకే తెలియదు.

ఐదుగురు అక్కచెల్లెళ్ళలో ఆమె నాలుగోది. అక్కలకు పొట్టివైన గౌన్లే వేసుకుని పెరిగింది. రోకోని పెళ్ళాడి అత్తగారింటికి వచ్చేసరికి ఆ ఇంట్లో కొత్తగా ఒక మేకు కొట్టడానికి కూడా చోటు లేదు. గోడలు, పళ్ళేలు, పక్కదుప్పట్లు అన్నీ అత్తగారు నున్జియా ఎంచినవే. ఐడా కోట్ల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టి సంపాదిస్తుంది, ఇంటికొచ్చి వండుతుంది, తుడుస్తుంది. నోట్లో నాలుక లేని కోడలని వీధంతా మెచ్చుకుంది. మెచ్చుకోవడానికి మనకేం పోయింది, నాలుక మనది కానప్పుడు?

ఆ ఇంటి ముందుగది గురించి చెప్పాలి. అందులో బంగారు రంగు పూల సోఫా ఉండేది, దానిమీద దళసరి ప్లాస్టిక్ తొడుగు. రెండు పక్కలా లావుపాటి దీపాలు, వాటిని మోస్తూ బట్టల్లేని రెక్కల పసిదేవతల బొమ్మలు. ఎండ తగిలితే సోఫా వెలిసిపోతుందని కర్టెన్లు ఏడాది పొడవునా మూసే ఉండేవి. ఆ గదిలో కూర్చునే అర్హత చర్చి ఫాదర్‌కీ, పెళ్ళిమాటలకొచ్చిన వాళ్ళకీ, చావు పలకరింపుకొచ్చిన వాళ్ళకీ మాత్రమే. ఇంటివాళ్ళు తినడం, తిట్టుకోవడం, టీవీ చూడటం అంతా మెట్లు దిగి కింది వంటింట్లోనే. నున్జియాని చూసి నవ్వనక్కర్లేదు, మా అందరి ఇళ్ళలోనూ అదే పద్ధతి. మా అమ్మ ముందుగదిలో నేను కూర్చున్నది కూడా ఆమె పోయిన రోజునే.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది వసంతంలో, గుమ్మం ముందు పాలరాతి మెట్లు రుద్ది కడుగుతూ నున్జియా జారిపడింది. తుంటి విరిగింది. ఆసుపత్రిలో కొన్నాళ్ళుంచి, నడక నేర్పే ఇంకో ఆసుపత్రికి మార్చారు. ఇంటికొచ్చాక ఆవిడ కింది వంటింటికి దిగడం కుదరదనీ, పల్లంగా ఉండే సోఫాలో కూర్చుంటే లేవలేదనీ, చేతులున్న ఎత్తు కుర్చీ ఒకటి కొనమనీ డాక్టరు చెప్పాడు. కొనే పని ఐడా మీద పడింది.

ఆమె ఒక శనివారం ఫర్నిచర్ కొట్టుకు వెళ్ళింది. ఎత్తు కుర్చీ వెంటనే దొరికింది. రసీదు రాస్తూ సేల్స్‌మన్ మాటవరసకి, ఇంకేమైనా చూస్తారా, మీకెలాంటివి ఇష్టం అని అడిగాడు. ఐడా నోరు తెరిచింది గానీ మాట రాలేదు. అత్తగారికి ఏది ఇష్టమో గడగడా చెప్పగలదు. రోకోకి ఏది నచ్చదో చెప్పగలదు. తన సంగతి వచ్చేసరికి లోపల ఏమీ లేదు. బస్సులో ఇంటికొస్తూ ఆమె ఏడ్చింది. నలభై దాటిన మనిషి కుర్చీ కోసం ఏడవడమేమిటని సిగ్గుపడింది, సిగ్గుపడుతూనే ఏడ్చింది.

తర్వాత ప్రతి శనివారం ఆసుపత్రికి వెళ్ళి అత్తగారిని చూసి, తిరుగుదారిలో కొట్లు పట్టుకు తిరిగేది. మొదట్లో ఏది చూసినా నున్జియా కళ్ళతోనే చూసింది. ఇది చవకబారు, ఇది నిలవదు, దీనికి బంగారు పూతేది అని అత్తగారి గొంతు చెవిలో వినబడుతూనే ఉండేది. అందుకని కళ్ళు మూసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. కుర్చీలో కూర్చుని, వీపు ఆనించి, చేతులు కొయ్య మీద పెట్టి, కళ్ళు మూసుకునేది. సేల్స్‌మన్‌లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవారు. నవ్వుకోనిచ్చింది. అలా మెల్లమెల్లగా తెలిసొచ్చింది, తనకు చెక్కుడు పనులు గిట్టవు. బంగారు పూత గిట్టదు. ఉత్త కొయ్య ఇష్టం, చేత్తో రాస్తే గరుగ్గా తగిలే ఉన్ని బట్ట ఇష్టం. ఒక కొట్లో మూలన ముదురు ఆకుపచ్చ కుర్చీ ఒకటి కనబడింది. ఏ అలంకారమూ లేదు. అందులో కూర్చుంటే ఆమెకు లేవబుద్ధి కాలేదు. ఇది నాది అనుకుంది. పెళ్ళయ్యాక ఆ మాట అనుకోవడం అదే మొదలు, భలే సంతోషం వేసింది.

రోకోకి చెప్పింది. రోకో రొట్టెల వ్యాన్ నడుపుతాడు, మంచివాడు, తల్లి గొంతు వింటే మాత్రం ఒక అంగుళం పొట్టివాడవుతాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టు ఇద్దరాడవాళ్ళ మధ్య నలుగుతూ తల నెరిసింది పాపం.

"అమ్మ వచ్చాక అడుగుదాంలే," అన్నాడు.

"అడిగితే ఏమంటుంది?"

"వద్దంటుంది."

"మరి అడగడం దేనికి?"

రోకో తల గోక్కున్నాడు. అది ఒప్పుకున్నట్టేనని ఐడా అనుకుంది, కాదన్నట్టని రోకో అనుకున్నాడు.

ఒక గురువారం పొద్దున్న, రోకో వ్యాన్ వేసుకుని వెళ్ళిపోయాక, కొట్టువాళ్ళు సామాను తెచ్చారు. ఆకుపచ్చ కుర్చీ, ఎత్తు కుర్చీ, పొట్టి కొయ్య బల్ల ఒకటి, గోడ పక్కకి నలుగురు కూర్చునే బెంచీ. మోసుకొచ్చిన వాళ్ళతోనే సోఫా బయట పెట్టించింది. ఆ రోజు మా వీధికి చెత్త లారీ వచ్చే రోజు. పసిదేవతల దీపాలు, గోడల మీది పటాలు అత్తగారి పడగ్గదిలో పెట్టించింది. కర్టెన్లు ఊడదీసి పల్చటి తెల్లగుడ్డ కట్టేసరికి మధ్యాహ్నమైంది. ఆ గదిలోకి ఎండ రావడం ఆమె ఎప్పుడూ చూడలేదు. చెక్కనేల మీద, బెంచీ మీద పడిన వెలుతురు చూస్తూ కాసేపు అలాగే నిలబడిపోయింది.

అప్పుడు ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి. మంచం ఎవరికో కావాల్సొచ్చిందట, నున్జియాని వచ్చే వారం కాకుండా ఇవాళే పంపుతున్నారట, వ్యాన్ బయల్దేరబోతోందట. ఐడా అత్తగారికి నెమ్మదిగా చెబుదాం, ముందు చెవిన వేసి తర్వాత చూపిద్దాం అనుకుంది. ఇప్పుడు ఆ వ్యవధి లేదు.

ఫోన్ పెట్టిందో లేదో తలుపు తట్టారు. ఎదురింటి అసుంతా, నల్లగౌనులో, చేతిలో రికోటా జున్ను కేకుతో. లోపలికొస్తూనే ఐడాని గట్టిగా వాటేసుకుంది. "ఎంత బాధపడిందో తల్లీ ఆవిడ. పోన్లే, ఇక ఏ నొప్పీ లేదు," అని ముక్కు చీదింది. తుంటి గురించి అనుకుని ఐడా అవునవునంది. వెనకే మాంసం కొట్టు గాస్పర్ పెద్ద బేసిన్‌లో కాల్చిన పంది మాంసం తెచ్చాడు, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ వెనక ఇద్దరు, ఇంకా వెనక ముగ్గురు. అందరూ గొంతు తగ్గించే మాట్లాడుతున్నారు. కొత్త బెంచీ మీద పట్టినంతమంది వరసగా కూర్చున్నారు. అసుంతా నల్లంచు కార్డు ఒకటి ఐడా చేతిలో పెట్టింది. పోయినవాళ్ళ ఆత్మకు శాంతి కోసం చర్చిలో పూజ చెప్పించామని ఇచ్చే కార్డు అది. దాని మీద నున్జియా పేరు ఉంది.

ఐడాకి అప్పుడు వెలిగింది. మా వీధిలో ముందుగది సోఫా పేవ్‌మెంట్ మీదికి రావాలంటే ముందు ఆ ఇంటి పెద్దావిడ శ్మశానానికి వెళ్ళాలి. వేరే దారి లేదు. ఈ సంగతి ఐడాకి తెలియనిది కాదు, ఎందరిళ్ళలో చూసిందో. తన కుర్చీ ధ్యాసలో పడి మరిచిపోయింది. సోఫా బయటపడగానే అసుంతా చూసింది, ఇక వీధికి వేరే కబురెందుకు?

"పిన్నీ, ఆవిడ బతికే ఉంది," అంది ఐడా. "వ్యాన్‌లో వస్తోంది."

అసుంతా శిలువ గుర్తు వేసుకుంది, దేవుడికి దండం పెట్టింది. సంతోషం వాళ్ళ మొహాల్లో నిజంగానే కనబడింది, అయితే ఎక్కువసేపు నిలవలేదు. ఒక్కొక్కరి చూపే కిటికీ లోంచి బయటి సోఫా మీదికి పోయింది, మళ్ళీ వచ్చి ఐడా మీద ఆగింది.

"మరి బతికుండగానే బయట పెట్టించావా?" అంది అసుంతా.

ఇందాకటి జాలి అంతా ఏమైపోయిందో. అత్త పోయిన కోడలిని వాటేసుకున్నవాళ్ళే, అత్త ఉండగానే ఆమె వస్తువులు పారేసిన కోడలిని దొంగను చూసినట్టు చూశారు. ఆసుపత్రిలో పడున్న మనిషి వెనకాల అని ఒకరు, నోట్లో నాలుక లేదనుకున్నామే అని ఒకరు గొణిగారు. వాళ్ళందరూ రోజూ పలకరించేవాళ్ళు, వాళ్ళ మధ్యే బతకాలి.

గాస్పర్ మెత్తని మనసున్నవాడు. ఇందులో భయపడేదేముంది, నలుగురం ఒక పట్టు పడితే సోఫా లోపలుంటుంది, ఈ సామాను పెరట్లో పడేద్దాం, ముసలావిడకి తెలియనే తెలియదు అన్నాడు. అప్పుడే రోకో వచ్చాడు. సోఫాని చూశాడు, జనాన్ని చూశాడు, సంగతి వినగానే మొహం పాలిపోయింది. "ఐడా, నీకు దండం పెడతాను, లోపల పెట్టించెయ్. మళ్ళీ ఎప్పుడైనా చూద్దాం," అన్నాడు.

మళ్ళీ ఎప్పుడైనా అన్నది ఆ ఇంట్లో రాదని ఐడాకి తెలుసు. సోఫా ఈ గడప దాటి లోపలికి వస్తే తను చచ్చేదాకా అక్కడే ఉంటుంది, కర్టెన్లు మూసుకుంటాయి, తను కిందికి దిగిపోతుంది. గాస్పర్ చొక్కా చేతులు మడుస్తున్నాడు. ఐడా వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఆ తగువు తేలకముందే ఆసుపత్రి వ్యాన్ వచ్చి ఆగింది, అందరూ బయటికొచ్చారు. నున్జియా దిగింది. సగమైపోయింది మనిషి. వాకర్ పట్టుకుని రెండడుగులు వేసి ఆయాసంతో ఆగింది. ఎదురుగా సోఫా ఉంది. అది ఎక్కడుందో, ఎందుకుందో చూసుకోకుండా, అలసిన మనిషి కూర్చున్నట్టు దాని మీద కూలబడింది. ప్లాస్టిక్ కిర్రుమంది. అప్పుడు చుట్టూ చూసింది. నల్లగౌన్లు, చేతుల్లో టోపీలు, గుమ్మంలో కేకులు.

"ఎవరు పోయారు?" అంది.

అసుంతా ఐడా చేతిలోని కార్డు లాక్కుని వీపు వెనక దాచింది. నున్జియా కళ్ళు తీక్షణమైనవి, ఏదీ తప్పిపోదు.

"నేనా?"

ఎవరో నవ్వబోయి మింగేశారు. ముసలావిడ అరచేత్తో సోఫా చెయ్యి తడిమింది. తన సోఫా. వీధిలో. నొసలు ముడిపడ్డాయి. "ఇది బయటెందుకుంది?"

రోకో ముందుకొచ్చాడు. డాక్టరు చెప్పాడనీ, పల్లంగా ఉన్నవి ఇంట్లో ఉండకూడదన్నాడనీ, అంతా నీ తుంటి కోసమేననీ తడబడుతూ అల్లుకుపోయాడు. మంచి అబద్ధమే. ఐడా ఊరుకుంటే చాలు, వీధంతా ఒక్క క్షణంలో మళ్ళీ ఆమెని మెచ్చుకునేది. అత్త కోసం ఎంత తాపత్రయపడిందో అని అసుంతా అప్పుడే తలూపుతోంది కూడా.

"డాక్టరు చెప్పింది ఎత్తు కుర్చీ గురించే అమ్మా," అంది ఐడా. "అది కొన్నాను. సోఫా తియ్యమని ఎవరూ చెప్పలేదు. నేనే తీయించాను. నాకు ఆ గది అలా ఇష్టం లేదు. ఇన్నేళ్ళూ తెలీలేదు, ఇప్పుడు తెలిసింది."

రోకో కళ్ళు మూసుకున్నాడు. నున్జియా చాలాసేపు కోడలి మొహంలోకి చూసింది. ఆవిడకి కోపం వచ్చింది, దాచుకోలేదు, దవడలు బిగిశాయి. లేద్దామని కాస్త జరిగింది, ప్లాస్టిక్ మళ్ళీ కిర్రుమంది. ఆగింది. ఇంకోసారి జరిగి చూసింది.

"కొన్నరోజు కొట్లో ఒకసారి కూచున్నాను దీని మీద," అంది, ఎవరితోనూ కానట్టు. "మళ్ళీ ఇవాళే." అరచేత్తో దాన్ని నొక్కి చూసి, "బండరాయిలా ఉంది," అంది.

గాస్పర్ గొంతు సవరించుకుని, లోపల పెట్టించమంటారా అని అడిగాడు. ఆవిడ వాకర్ మీద బరువు మోపి లేచింది. రోకో చెయ్యి అందించబోతే విదిలించింది. మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది, ప్రతి మెట్టుకీ ఆగుతూ. జనం దారిచ్చారు. ఐడా పక్కకి తప్పుకుంది.

ముందుగది గడప దగ్గర నున్జియా ఆగింది. ఎండ నేరుగా కళ్ళలో పడి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బోసిగోడలు చూసింది, బల్ల చూసింది, బెంచీ చూసింది. "గుడ్ ఫ్రైడే నాడు అలంకారాలు తీసేసిన చర్చిలా బోసిగా ఉంది," అంది. తన పసిదేవతలేవని అడిగింది. మీ పడగ్గదిలో ఉన్నాయని ఐడా చెప్పింది. ముసలావిడ ముక్కుతో ఒక శబ్దం చేసింది. అయినా లోపలికి అడుగు వెయ్యలేదు. ఇల్లు తనది, గది తనది, అయినా పరాయి ఇంటి గడపలో చుట్టం నిలబడినట్టు నిలబడింది.

"ఎక్కడ కూచోమంటావు?" అంది.

ఐడాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఇంట్లో ఆ మాట ఆమెని ఇంతవరకు ఎవరూ అడగలేదు. సోఫా పట్టుకుని లోపలికి తెమ్మన్నా ఆ నిమిషంలో తెచ్చేసేదేమో. ఆకుపచ్చ కుర్చీలో కూర్చోమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుంది.

"కిటికీ పక్కన ఎత్తు కుర్చీ మీది," అంది. "ఆకుపచ్చది నాది."

నున్జియా ఆకుపచ్చ కుర్చీ వంక ఒకసారి చూసి, వాకర్‌ని కిటికీ వైపు తిప్పింది.