గాలి మళ్లిందన్న సాకు

బంగారుపాళ్యం మామిడితోటల్లో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బోరుకు చోటు చూపే పెద్దమనుషులను చాలాసార్లు పరీక్షకు పెట్టాను. కాయ లేచి నిలబడిన చోట గుర్తు పెట్టించి, కళ్లకు గంతలు కట్టి మళ్లీ నడిపిస్తే అది ఇంకోచోట లేచేది. "మైల తగిలింది" అనేవారు. నేను నవ్వేవాణ్ణి.

మొన్న తిరుపతిలో అక్క వాళ్ల వీధికి గ్యాసు పైపుల కంపెనీ ఇంజనీరు కొత్త యంత్రంతో వచ్చాడు. భూమిలోని పైపు నుంచి మీథేను ఏ కొంచెం కారినా కారు మీద బిగించిన ఆ యంత్రం పసిగడుతుందట, ఎంత కారుతోందో కూడా చెబుతుందట. వాకిట్లో గ్యాసు వాసన వస్తోందని అక్క కొన్నాళ్లుగా మొత్తుకుంటోంది. కారు వీధంతా తిరిగింది. లీకు లేదని తేల్చింది.

"అది లేదంటే నేను పొయ్యి ముట్టించల్లా? నువ్వేమంటావురా?" అంది అక్క.

"ముందు యంత్రాన్ని పరీక్షిద్దాం."

ఇంజనీరు కాదనలేదు. కారులోని వాళ్లను టీకొట్టులో కూర్చోబెట్టి, వాళ్లకు తెలియకుండా, యంత్రాన్ని సరిచూసుకోవడానికి ఇంజనీరు తెచ్చుకున్న మీథేను సిలిండరును ఒక ప్రహరీ వెనక దాచి, కొలిచి వదిలాం. కారు వచ్చింది, పోయింది. యంత్రం పలకలేదు. చోటు మార్చాం. ఈసారి పట్టుకుంది గానీ వదిలినదాంట్లో సగమే చూపింది. ఇంకోసారి వదిలితే మళ్లీ మౌనం.

"గాలి మళ్లింది సార్" అన్నాడు ఇంజనీరు.

నాకు నవ్వు రాలేదు. గాలి నిజంగానే మళ్లింది. మైలకు కొలత లేదు, గాలికి ఉంది. ఏ గాలిలో ఈ యంత్రం గుడ్డిదో తేల్చకుండా దాని మౌనాన్ని "లీకు లేద"ని రాసుకోవడానికి వీల్లేదన్నాను. అతను గొణుక్కుంటూనే అక్క వాకిట్లో పైపు అతుకు దగ్గర తవ్వించాడు. సబ్బునీళ్లు పోశారు. అందరం వంగి చూశాం. ఒక్క బుడగ లేవలేదు.

"చూశారుగా సార్. అమ్మగారిది భ్రమ."

"భ్రమంట! అబ్బా, నీ మిషనుకు జలుబు చేసిందేమో సూడు ముందు. వాసన ఈడనే ఉండాది!"

నేను మోకాళ్ల మీద కూర్చుని మట్టి వాసన చూశాను. నాకేమీ తగల్లేదు. అక్క ముక్కును మాత్రం ఎవరు పరీక్షించారు?

"మీరు కూడా ముక్కును నమ్ముతారా సార్?" అన్నాడు ఇంజనీరు.

"నమ్మను. కానీ అది తప్పని మీరింకా చూపలేదు. చూపేదాకా ఈ ఇంట్లో పొయ్యి వెలగదు. తరువాతి అతుకు ఎక్కడుంది?"

"సిమెంటు రోడ్డు కింద."

"పగలగొట్టించండి."

అక్క అప్పటికే రోడ్డు మీద నిలబెట్టిన స్కూటరును పక్కకు తోస్తోంది.