సయా చెప్పని నియమం

ఆరేళ్ల కిందట మాఘ పౌర్ణమి నాడు, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు, బర్మాలో, తామ్వే పేటలోని మా ముందుగదిలో ఆ బృందం మొదలైంది. ఐదుగురం. అహ్లోన్ రేవులో గుమస్తాగా చేసి రిటైరైన బర్మా పెద్దాయన మా గురువు. సయా అని పిలిచేవాళ్లం. జ్వరంలో ఉండగా ఒక సిద్ధుడు కనిపించి చెవిలో ఒక మాట చెప్పాడని, అంతటికీ అదే మూలమని అనేవాడు. ఆశయం పెద్దది: జీవహింస మాని, మనసు శుద్ధి చేసుకుని, రాబోయే బుద్ధుడు వచ్చేదాకా ఈ దేహాన్ని నిలుపుకోవాలి. అందాకా కష్టంలో ఉన్నవాళ్లకు తోడుండాలి. చెవిలో పడిన మాట మాత్రం బయట చెప్పకూడదు.

నా ఆడపడుచు కూడా చేరతానంది. ఏటా మా తెలుగువాళ్ల అమ్మవారి పండగలో ఘటం తలకెత్తుకునేది ఆమే. ఆ పాటలు వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. ఇంకెవరికీ రావు. సయా బర్మా మాటలు ఆమెకు సరిగా అందవు కనుక నేనే తెలుగులో చెప్పేదాన్ని.

“బలి మానాలి,” అన్నాడు సయా. అంతకుమించి ఏమీ అనలేదు.

“బలి వద్దు, ఘటం వద్దు, పాటలూ నోట రాకూడదట,” అని చెప్పాను. సగం సగం నియమాలు నాకు గిట్టవు.

“కోడి మానేత్తే అమ్మోరు సరిపెట్టుకుంటాది గానీ, పాట మానేత్తే ఊరుకుంటాదేటి ఒదినా?”

“నీ గొంతు ఇని ఎన్నేళ్లు ఓర్చుకుందో పాపం. సెలవియ్యి.”

పగలబడి నవ్వింది. ఆ నవ్వులోనే సయాకు మాటిచ్చేసింది.

మూడో ఏట సయా నిద్రలో పోయాడు. బృందం చెదిరిపోయింది. ఆ ఏటి పండగ ముందు, రెండేళ్లుగా ఆగిన ఘటాన్ని కొత్తగా ఎత్తబోయే పొరుగింటి కోడలుపిల్ల మా ఇంటికొచ్చి పాటలు నేర్పమంది.

“గురువుగోరికి మాటిచ్చాను. మరేటి చేద్దాం ఒదినా?” అని ఆడపడుచు నావైపు చూసింది.

ఆ నియమం ఆయనది కాదు, నాది అనాలి. పరాయిపిల్ల ముందు నోరు రాలేదు. “మాటంటే మాటే,” అన్నాను. ఆ పిల్ల టీ కూడా తాగకుండా వెళ్లింది. ఆ ఏడు ఘటం స్పీకరు పాటతో కదిలింది.

నిరుడు వానల్లో ఆడపడుచుకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మంచం పక్కన కూర్చుని నిజం చెప్పాను. కోపం చూపలేదు. పెదవులు కదిపింది. రాగంలాంటిదేదో వచ్చింది, పదాలు రాలేదు. మర్నాడు, ఆ మర్నాడు కూడా ప్రయత్నించింది. ఆ తర్వాత మనిషే పోయింది.

ఘటం ఎత్తేటప్పటి పాటలు ఐదు, దారిలోవి ఎనిమిది, దించేటప్పటిది ఒకటి. మొత్తం పద్నాలుగని లెక్క మాత్రం నాకు తెలుసు.