మైక్ ఆన్ చేయని లావణ్య

సూరత్‌లో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను. కరోనాతో క్లాసులు ఫోన్‌లోకి మారినప్పటి నుంచి లావణ్య అనే అమ్మాయి ఒక్కసారి కూడా మైక్ ఆన్ చేయలేదు. శ్రద్ధ లేదనుకుని మార్కులు కోశాను. ఈ రోజెందుకో, మాట్లాడడం వీలుకానివాళ్లు సగటు గురించి తమకొచ్చిన భాషలో రికార్డు చేసి గ్రూపులో పెట్టమన్నాను.

సాయంత్రం లావణ్య గొంతు తెలుగులో వచ్చింది. వెనక మరమగ్గాల మోత, వాళ్ల మాటలో సాంచాలు.

“మా నాయిన ఎనిమిది సాంచాలు నడుపుతడు సార్. ఒక్కటి ఖరాబైతే బట్ట యావరేజ్ పడిపోతది. కానీ తక్కిన ఏడు మంచిగనే నడుస్తయి. సేఠ్ యావరేజ్ ఒక్కటే చూసి నాయినను తిడతడు.”

వెంటనే ఫోన్ చేశాను. “ఇంత తెలిసి క్లాసులో ఎందుకు మాట్లాడవమ్మా?”

“మా రూం కిందనే కార్ఖానా సార్. మైక్ ఆన్ చేస్తే అందరికీ సాంచాల సప్పుడే ఇనవడ్తది.”

కోసిన మార్కులు తిరిగి వేశాను. రేపు క్లాసు ఆ రికార్డుతోనే మొదలవుతుంది, మిగతా పిల్లలకు హిందీలో నేను చెబుతాను. ఆ సేఠ్ ఎవరో తెలియదు గానీ, ఈ సెమిస్టరంతా మూసిన మైక్ ఒక్కటే చూసి నేనూ ఆయన పనే చేశాను. టీచర్ మిత్రులారా, మీ క్లాసులో ఎవరి మైక్ మూసి ఉంది?